సంగారెడ్డి-పటాన్‌చెరు ప్రాంత యువ క్రికెటర్లు, వేలం అవకాశాలు

తెలంగాణ రాష్ట్రంలో హైదరాబాదు నగరానికి పడమరగా, 65వ జాతీయ రహదారి వెంబడి రామచంద్రాపురం మొదలుకొని సంగారెడ్డి వరకు విస్తరించియున్న పారిశ్రామిక ప్రాంతంలో క్రికెట్ ఆడే యువకులకు ఇండియన్ ప్రీమియర్ లీగ్ (ఐ.పి.ఎల్.) వంటి వృత్తి పోటీల వేలంలో గల అవకాశాలు ఈ వ్యాసంలో పరిశీలింపబడినవి. వేలంలో పేరు చదివిన తరువాత ఎవరూ కొననందువలన మరుగున పడే ఆటగాళ్ళ గురించి పత్రికలలో ప్రతి సంవత్సరం చర్చ జరుగుతుంది. అసలు ఆ జాబితాలోనికే రాలేక మరుగున పడేవారు అంతకు అనేక రెట్లు ఎక్కువ. జాబితాకు దారి రాష్ట్ర క్రికెట్ సంఘం గుండా పోతుంది. తెలంగాణలో ఆ దారి చిరకాలంగా హైదరాబాదు నగరపు క్లబ్బుల మీదుగానే పోతున్నది.

ప్రాంతం

సంగారెడ్డి జిల్లా 2016 అక్టోబరు 11న పూర్వపు మెదక్ జిల్లా నుండి ఏర్పడింది. రామచంద్రాపురంలోని భారత్ హెవీ ఎలక్ట్రికల్స్ (బి.హెచ్.ఇ.ఎల్.) కర్మాగారం 1960 దశకం నాటిది. పటాన్‌చెరులో 1972లో అంతర్జాతీయ మెట్ట పంటల పరిశోధనా సంస్థ (ఇక్రిశాట్) నెలకొన్నది. ఆ తరువాతి దశాబ్దాలలో పటాన్‌చెరు, బొల్లారం, పాశమైలారం, ఖాజీపల్లి, బొంతపల్లి పారిశ్రామిక వాడలు వెలిశాయి. ఎద్దుమైలారంలో ఆయుధ కర్మాగారం 1984లో మొదలైనది. మందుల, రసాయనాల, ఉక్కు, యంత్ర పరికరాల పరిశ్రమలలో పనిచేయుటకు తెలంగాణ పల్లెలనుండే గాక ఒడిషా, బీహారు, ఉత్తర ప్రదేశ్ రాష్ట్రాల నుండి కూడా కార్మికులు వచ్చి స్థిరపడ్డారు.

ఆటకు సంబంధించినంతవరకు ఈ ప్రాంతంలో రెండు విధాలైన నివాసాలు కనిపిస్తాయి. ప్రభుత్వ రంగ సంస్థలు టౌన్‌షిప్ నిర్మించినపుడు పాఠశాల, ఆసుపత్రితో పాటు ఆటస్థలం కూడా విడిచిపెట్టాయి. తరువాత వచ్చిన ప్రైవేటు పారిశ్రామిక వాడల చుట్టూ పెరిగిన కాలనీలలో అటువంటి ఏర్పాటు బహు తక్కువ. ఇక్కడి పిల్లలు ఇంకా ఇళ్ళు కట్టని లేఅవుట్లలోను, నీరు తగ్గిన చెరువు శిఖం భూములలోను ఆడుకుంటారు. ఇళ్ళు లేచిన తరువాత ఆట మరొక చోటికి తరలిపోతుంది.

వేలం పద్ధతి

వృత్తి క్రికెట్‌లో "డ్రాఫ్ట్" అనదగినది భారతదేశంలో ఒకప్పుడు ఉండేది. 2008లో 19 ఏళ్ళలోపు ప్రపంచ కప్పు గెలిచిన భారత జట్టు సభ్యులను ఐ.పి.ఎల్. జట్లు వేలం లేకుండా వంతుల వారీగా ఎంచుకున్నాయి. విరాట్ కోహ్లి బెంగుళూరు జట్టుకు వెళ్ళింది ఆ విధంగానే. ప్రతి జట్టు తన పరిసర ప్రాంతం నుండి కనీసం నలుగురిని తీసుకోవలెననే నియమం కూడా తొలి సంవత్సరాలలో ఉండేది. తరువాత అది రద్దయినది. ఈనాడు ఏ జట్టుకూ స్థానికులను తీసుకొనే విధి లేదు. సన్‌రైజర్స్ హైదరాబాద్ జట్టులో స్థానికులు లేరని 2021 ఫిబ్రవరిలో ఖైరతాబాదు శాసనసభ్యుడు దానం నాగేందర్ బహిరంగంగా అభ్యంతరం తెలిపినపుడు గట్టి చర్చ జరిగింది గాని, నియమాల ప్రకారం ఆ జట్టు చేసినదానిలో దోషం లేదు.

ఒక్కొక్క జట్టులో గరిష్ఠంగా 25 మంది, వారిలో విదేశీయులు 8 మంది వరకు ఉండవచ్చును. పది జట్లకు కలిపి భారతీయులకు మిగిలేవి సుమారు 170 స్థానాలు. రంజీ ట్రోఫీలో 38 జట్లు ఆడుతున్నాయి. జట్టుకు పదిహేనుగురు చొప్పున లెక్కించినా 570 మంది అవుతారు. అనగా రాష్ట్ర జట్టులో ఉన్నవారికే మూడింట రెండు వంతుల మందికి చోటు లేదు. 2024 నవంబరులో జెడ్డాలో జరిగిన పెద్ద వేలానికి 1,574 మంది పేర్లు నమోదు కాగా వారిలో 1,165 మంది భారతీయులు. చివరకు అమ్ముడైనవారు దేశ విదేశీయులు కలిపి 182 మంది. 2025 డిసెంబరు 16న అబుదాబిలో జరిగిన చిన్న వేలంలో భర్తీ అయిన స్థానాలు 77 మాత్రమే.

భారతీయ ఆటగాడు తన పేరును స్వయంగా పంపుకొనుటకు వీలులేదు, రాష్ట్ర సంఘం ద్వారానే నమోదు కావలెను. 19 ఏళ్ళలోపు వారికి మరొక షరతు కలదు. పూర్వం ఒక ప్రథమ శ్రేణి లేదా లిస్ట్-ఎ మ్యాచ్ ఆడియుంటే చాలును. 2025లో భారత క్రికెట్ నియంత్రణ మండలి (బి.సి.సి.ఐ.) ఈ నియమాన్ని బిగించి, కనీసం ఒక ప్రథమ శ్రేణి మ్యాచ్ తప్పనిసరి చేసింది. బీహారులోని సమస్తిపూర్ జిల్లాకు చెందిన వైభవ్ సూర్యవంశీ 13 ఏళ్ళ వయసులో, 2024 నవంబరు వేలంలో 1.10 కోట్ల రూపాయలకు రాజస్థాన్ జట్టుకు అమ్ముడగుట దేశమంతా ఆశ్చర్యంగా చెప్పుకున్నది. దానికి పది నెలల ముందే బీహారు సంఘం ఆ బాలునికి రంజీ మ్యాచ్ ఇచ్చిందన్న సంగతి అంతగా చెప్పుకోలేదు. ఆ మ్యాచ్ లేనిదే వేలంలో ఆ పేరు లేదు.

అంతర్జాతీయ మ్యాచ్‌లు ఆడనివారి కనీస ధర 2024 నవంబరు వేలం నుండి 20 లక్షల రూపాయల బదులు 30 లక్షలు అయినది. కాంట్రాక్టు కార్మికుని కుటుంబానికి అది అనేక సంవత్సరాల సంపాదన. అయితే వేలం ఒక్కటే ఫలం కాదు. 2021లో సవరించిన ఫీజుల ప్రకారం రాష్ట్ర 19 ఏళ్ళలోపు జట్టులో ఆడిన రోజుకు 20,000 రూపాయలు, రంజీ ట్రోఫీలో కొత్తవారికి రోజుకు 40,000 రూపాయలు లభిస్తాయి. వేలం వెలుగులో ఈ మెట్టు కంటికి ఆనదు గాని, పటాన్‌చెరు కుర్రవానికి నిజంగా అందవలసిన మొదటి మెట్టు ఇదే.

జిల్లా నుండి రాష్ట్ర జట్టుకు

ఉమ్మడి ఆంధ్ర ప్రదేశ్ కాలంలో కూడా రాష్ట్రంలో రెండు క్రికెట్ సంఘాలు ఉండేవి. కోస్తా, రాయలసీమ జిల్లాలు ఆంధ్ర క్రికెట్ సంఘం క్రిందను, తెలంగాణ జిల్లాలు హైదరాబాదు క్రికెట్ సంఘం (హెచ్.సి.ఎ.) క్రిందను ఉండేవి. అందువలన 2014 రాష్ట్ర విభజన వలన క్రికెట్ పరిపాలనలో పెద్ద మార్పు రాలేదు. తెలంగాణ అంతటికీ జట్టు ఒక్కటే, దాని పేరు నేటికీ హైదరాబాదు. ఆ జట్టు రంజీ ట్రోఫీని 1937-38లోను, 1986-87లోను గెలిచింది.

హెచ్.సి.ఎ. సభ్యత్వంలో రెండు వందలకు పైగా క్లబ్బులు, సంస్థలు ఉండగా, వాటిలో అత్యధికం నగరానికి చెందినవి. పూర్వపు జిల్లాల సంఘాలు తొమ్మిది మాత్రమే. సంగారెడ్డి ప్రాంతం మెదక్ జిల్లా సంఘం పరిధిలోనిది. అనగా పటాన్‌చెరు నుండి జహీరాబాదు వరకు, అక్కడినుండి సిద్దిపేట వరకు గల పూర్వపు జిల్లా అంతటికీ ఉన్న బరువు నగరంలోని ఏదో ఒక పేటలోని క్లబ్బుకు ఉన్నంతే. ఆటగాళ్ళను ఎంపిక చేసేది ముఖ్యంగా ఈ క్లబ్బుల లీగ్ పోటీలలోని పరుగులను, వికెట్లను చూసి. లీగులో ఆడవలెనన్నచో ఏదో ఒక నగర క్లబ్బులో చోటు సంపాదించవలెను. చోటు సంపాదించిన పిదప వారానికి రెండు మూడు రోజులు మైదానానికి వెళ్ళిరావలెను. ఉప్పల్ లోని రాజీవ్ గాంధీ అంతర్జాతీయ స్టేడియం నగరానికి తూర్పు కొసన ఉండగా, ఈ ప్రాంతం పడమటి కొసన ఉన్నది. సంగారెడ్డి నుండి ఉప్పల్ వెళ్ళుటకు నగరాన్ని ఆ చివరి నుండి ఈ చివరికి దాటవలెను. ఎం.ఎం.టి.ఎస్. రైలు 2003లో లింగంపల్లి వరకు, మెట్రో రైలు 2017లో మియాపూర్ వరకు వచ్చాయి. క్రికెట్ కిట్టు సంచి భుజాన వేసుకొని ఆ రెండింటి దాకా చేరుటయే సంగారెడ్డి, సదాశివపేట కుర్రవాళ్ళకు సగం ప్రయాణం.

సంఘం పరిపాలన కూడా ప్రశాంతంగా సాగలేదు. వివాదాల దృష్ట్యా సుప్రీం కోర్టు 2023 ఫిబ్రవరిలో విశ్రాంత న్యాయమూర్తి ఎల్.నాగేశ్వరరావును ఏకసభ్య కమిటీగా నియమించింది. ఒకే కుటుంబం లేదా వర్గం చేతిలో పలు క్లబ్బులు ఉన్నవని తేలగా, ఆయన అదే సంవత్సరం జూలైలో 57 క్లబ్బులపై వేటు వేశారు. 2023 అక్టోబరులో ఎన్నికలు జరిగాయి. 2025 జూలైలో పత్రాల ఫోర్జరీ తదితర ఆరోపణలపై సంఘం అధ్యక్షునితో సహా పలువురిని రాష్ట్ర సి.ఐ.డి. అరెస్టు చేసింది. వీటిలోని దోషాదోషాలు న్యాయస్థానాలు తేల్చవలసినవి. ఎంపికల దృష్టితో చూచినపుడు 57 క్లబ్బుల ఉదంతం ఒక్కటి చాలు. క్లబ్బు ఎవరి చేతిలో ఉంటే తుది జట్టులో చోటు వారి చేతిలో ఉంటుంది, క్లబ్బులు కొద్దిమంది చేతులలో ఉన్నపుడు బయటివానికి తలుపు తట్టుటకు తావు తక్కువ.

పూర్వం మరొక మార్గం ఉండేది. స్టేట్ బ్యాంక్ ఆఫ్ హైదరాబాద్, ఆంధ్రా బ్యాంక్, దక్షిణ మధ్య రైల్వే వంటి సంస్థలు క్రికెట్ జట్లను పోషించి, ఆటగాళ్ళకు ఉద్యోగాలు ఇచ్చేవి. కార్మిక కుటుంబంలోని తండ్రి కొడుకును ఆడనిచ్చుటకు ఆ ఉద్యోగం ఒక భరోసా. స్టేట్ బ్యాంక్ ఆఫ్ హైదరాబాద్ 2017లో భారతీయ స్టేట్ బ్యాంకులోను, ఆంధ్రా బ్యాంక్ 2020లో యూనియన్ బ్యాంకులోను విలీనమయ్యాయి. పారిశ్రామిక ప్రాంతంలోని ప్రైవేటు సంస్థలు ఆ లోటును పూరించలేదు.

లింగంపల్లి ఉదాహరణ

ఈ ప్రాంతపు అంచున ఆట నేర్చి వేలంలో పేరు తెచ్చుకున్నవారిలో నంబూరి తిలక్ వర్మ ప్రసిద్ధుడు. 2002 నవంబరు 8న హైదరాబాదులో జన్మించాడు. తండ్రి విద్యుత్ పనివారు. శిక్షకుడు సలామ్ బయాష్ ఇతనిని పాతబస్తీ వైపు ఆడుచుండగా గుర్తించి, బి.హెచ్.ఇ.ఎల్. సమీపాన లింగంపల్లిలో ఉన్న శిక్షణా కేంద్రంలో చేర్చారు. ఇంటికీ కేంద్రానికీ మధ్య దూరం సుమారు 40 కిలోమీటర్లు. తొలిరోజులలో శిక్షకుడే తన వాహనంపై తీసుకొని వెళ్ళేవారు, తరువాత కుటుంబమే కేంద్రానికి దగ్గరగా ఇల్లు మారినది. తిలక్ 2018 డిసెంబరులో రంజీ ట్రోఫీలో అడుగుపెట్టి, 2020లో 19 ఏళ్ళలోపు ప్రపంచ కప్పులో ఆడాడు. 2022 వేలంలో 20 లక్షల కనీస ధర నుండి 1.70 కోట్లకు ముంబై ఇండియన్స్ కొన్నది. ఆ ఏడు 397 పరుగులు చేశాడు. 2025 సెప్టెంబరు 28న దుబాయిలో ఆసియా కప్పు తుది పోరులో పాకిస్తాన్‌పై అజేయంగా 69 పరుగులు చేసి భారత్‌ను గెలిపించాడు.

ఈ కథను పేదరికంపై విజయంగా చెప్పుట పరిపాటి. అందులో అసత్యం లేదు. అయితే వేలానికి మూడేళ్ళ ముందే ఇతనికి రంజీ స్థానం ఉన్నది. దూరాన్ని జయించినది ప్రతిభ కాదు, ఒక శిక్షకుని వాహనం, ఒక కుటుంబం ఇల్లు మారుటకు సిద్ధపడుట. మూడు షిఫ్టులలో పనిచేసే తండ్రి తన కర్మాగారాన్ని వదలి ఇల్లు మార్చలేడు.

మహమ్మద్ సిరాజ్ ఉదంతం మరొక విధమైనది. ఆటో డ్రైవర్ కుమారుడైన సిరాజ్ చాలాకాలం టెన్నిస్ బంతితోనే ఆడాడు. చార్మినార్ క్లబ్బు తరఫున లీగ్ మ్యాచ్‌లలో రాణించి, 2015 నవంబరులో రంజీ జట్టులోనికి వచ్చాడు. 2016-17 రంజీలో 41 వికెట్లు తీయగా, 2017 ఫిబ్రవరి వేలంలో 20 లక్షల కనీస ధరపై 2.60 కోట్లకు సన్‌రైజర్స్ తీసుకున్నది. టెన్నిస్ బంతి ఆట నుండి రెండేళ్ళలో వేలానికి చేరుట అసాధ్యం కాదనుటకు ఇది నిదర్శనం. అదే సమయంలో, అతడు నగరవాసి, క్లబ్బు అందుబాటులో ఉన్నవాడు అనే సంగతిని కూడా గమనింపవలెను.

జిల్లాల నుండి వచ్చినవారు లేకపోలేదు. రాజన్న సిరిసిల్ల జిల్లా ముస్తాబాద్ మండలం పోత్గల్‌కు చెందిన వికెట్ కీపర్ ఆరెల్లి అవనీష్ రావును 2023 డిసెంబరు వేలంలో చెన్నై సూపర్ కింగ్స్ 20 లక్షలకు తీసుకున్నది. కాని ఆ ఏడు మ్యాచ్ ఆడే అవకాశం రాలేదు, తరువాత జట్టు అతనిని విడిచిపెట్టింది. కరీంనగర్ జిల్లా కుటుంబానికి చెందిన పేరాల అమన్ రావును 2025 డిసెంబరులో రాజస్థాన్ రాయల్స్ 30 లక్షలకు తీసుకున్నది.

ఆంధ్ర, కేరళలతో పోలిక

ఆంధ్ర క్రికెట్ సంఘంలో సభ్యత్వం జిల్లా సంఘాలది. అంతర్ జిల్లా పోటీలు, వాటిపైన ఉత్తర, మధ్య, దక్షిణ మండలాల పోటీలు రాష్ట్ర ఎంపికకు ఆధారాలు. ఫలితం వేలం జాబితాలలోనే కనిపిస్తుంది. శ్రీకాకుళం జిల్లా టెక్కలికి చెందిన త్రిపురాన విజయ్‌ను 2024 నవంబరులో ఢిల్లీ జట్టు 30 లక్షలకు తీసుకున్నది. గుంటూరుకు చెందిన షేక్ రషీద్‌ను చెన్నై రెండు మార్లు ఎంచుకున్నది.

పారిశ్రామిక ప్రాంతంతో పోల్చదగిన ఉదాహరణ నితీష్ కుమార్ రెడ్డిది. తండ్రి ముత్యాల రెడ్డి విశాఖపట్నంలో హిందుస్థాన్ జింక్ ఉద్యోగి. రాజస్థాన్‌కు బదిలీ కాగా కొడుకు ఆట కొరకు ఉద్యోగం వదులుకున్నారు. బాలుడు ఎంపికలలో మాజీ వికెట్ కీపర్ ఎం.ఎస్.కె.ప్రసాద్ దృష్టిలో పడి, కడపలోని సంఘ శిక్షణాలయంలో చేరాడు. అక్కడ వసతి, చదువు, శిక్షణ సంఘమే చూసుకున్నది. 2022 డిసెంబరు వేలంలో 20 లక్షలకు సన్‌రైజర్స్ తీసుకున్నది, 2024 డిసెంబరులో మెల్‌బోర్న్ టెస్టులో 114 పరుగులు చేశాడు. ఇక్కడ కూడా కుటుంబ త్యాగం ఉన్నది. దాని వెనుక ఒక శిక్షణాలయం కూడా ఉన్నది. తెలంగాణ జిల్లాలకు లోపించినది ఈ రెండవదే.

రాష్ట్ర జట్టులో చోటు దొరకనివారికి వేరొక కిటికీ రాష్ట్రస్థాయి టి-20 లీగులు. ఐ.పి.ఎల్. జట్ల అన్వేషకులు తమిళనాడు, కర్ణాటక, ఉత్తర ప్రదేశ్ లీగులను శ్రద్ధగా చూస్తారు. కేరళలోని మలప్పురం జిల్లాకు చెందిన ఆటో డ్రైవర్ కుమారుడు విఘ్నేష్ పుత్తూర్ వేలం నాటికి సీనియర్ రాష్ట్ర జట్టుకు ఒక్క మ్యాచ్ కూడా ఆడియుండలేదు. 2024లో మొదలైన కేరళ క్రికెట్ లీగులో బౌలింగు చూచి ముంబై ఇండియన్స్ 30 లక్షలకు తీసుకున్నది. 2025 మార్చి 23న తొలి మ్యాచ్‌లోనే చెన్నైపై మూడు వికెట్లు తీశాడు. 2025 డిసెంబరులో చెన్నై 14.20 కోట్లు పెట్టిన ప్రశాంత్ వీర్ ఉత్తర ప్రదేశ్ టి-20 లీగులో ఆడినవాడు. తెలంగాణలో 2018లో జి.వెంకటస్వామి పేరిట టి-20 లీగ్ జరిగినపుడు జిల్లాల పేర్లతో జట్లు ఏర్పడి, మెదక్ పేరు కూడా స్కోరు బోర్డుపైకి ఎక్కింది. తమిళనాడులో వలె ఏటేటా జరిగే లీగుగా అది స్థిరపడలేదు. మెదక్ జట్టు అనేది ఏటా ఉండి, దాని మ్యాచ్‌లు దూరదర్శినిలో ప్రసారమగుచున్నచో, పాశమైలారం కుర్రవాడు ఉప్పల్ వెళ్ళనవసరం లేకనే పదిమంది అన్వేషకుల కంట పడగలడు.

టెన్నిస్ బంతి ఆట

ఈ ప్రాంతంలో అధికంగా ఆడేది టెన్నిస్ బంతి క్రికెట్. తోలు బంతితో ఆడుటకు ప్యాడ్లు, గ్లోవ్స్, హెల్మెట్, మంచి బ్యాటు కావలెను, నెట్స్ ఫీజు వేరు. టెన్నిస్ బంతికి ఒక బ్యాటు, తలా పది రూపాయల చందా చాలును. ఆదివారం, పండుగ సెలవులలో ఎంట్రీ ఫీజు పెట్టి, కప్పు, నగదు బహుమతితో టోర్నమెంట్లు జరుగుతాయి. వీటిలోని స్కోర్లు ఏ సంఘం రికార్డులకూ ఎక్కవు.

2024 మార్చిలో మొదలైన ఇండియన్ స్ట్రీట్ ప్రీమియర్ లీగ్ (ఐ.ఎస్.పి.ఎల్.) టెన్నిస్ బంతి ఆటకు వేలం తెచ్చింది. సినీ నటుడు రామ్ చరణ్ యాజమాన్యంలోని ఫాల్కన్ రైజర్స్ హైదరాబాద్ దాని తొలి ఆరు జట్లలో ఒకటి. కనీస ధర 3 లక్షలు. ఇందులో క్లబ్బు, జిల్లా సంఘం, రాష్ట్ర సంఘం అవసరం లేదు, నగరాలలో జరిగే పరీక్షలలో నెగ్గినవాని పేరు వేలానికి వెళ్తుంది. ఈ ప్రాంతపు ఆటగాళ్ళకు ప్రస్తుతం అతి దగ్గరి వేలం ఇదే అనవచ్చును. అయితే పది ఓవర్ల టెన్నిస్ బంతి ఆటలో రాణించినంత మాత్రాన తోలు బంతి ఆటకు దారి తెరుచుకోదు. బంతి ఎత్తు, వేగం, స్వింగు అన్నీ వేరు. 17, 18 ఏళ్ళ లోపే మారినవారికి మార్పు సులభం, తరువాత కష్టం.

వయసు, నివాస పత్రాలు

వలస కార్మికుల పిల్లలకు మరొక చిక్కు ఉన్నది. వయో విభాగాలలో ఆడుటకు జనన ధ్రువపత్రం, పాఠశాల పత్రాలు, ఆ రాష్ట్రంలో నివాసం లేదా చదువు రుజువులు కావలెను. బాలురకు 16 ఏళ్ళలోపు విభాగంలో ఎముకల వయసు పరీక్ష జరుపుతారు. తప్పు తేదీ చూపినట్లు తేలినచో రెండేళ్ళ నిషేధం. స్వగ్రామంలో ఒక తేదీ, ఆధార్‌లో ఒక తేదీ, బడిలో చేర్చినపుడు ఉపాధ్యాయుడు అంచనాగా వేసిన తేదీ ఒకటి ఉన్న పిల్లవాడు మోసగాడు కానక్కరలేదు. బడి రిజిస్టరులో జూన్ నెల పుట్టినరోజులు అంత ఎక్కువగా ఉండుట ఎందువలననో ఉపాధ్యాయులకు తెలియనిది కాదు. ఆరవ తరగతిలోనే ఈ తేదీలను సరిచేయించినచో తరువాత వచ్చే అడ్డంకి తొలగుతుంది. దీనికి మైదానం, డబ్బు అక్కరలేదు.

బాలికలు

మహిళల ప్రీమియర్ లీగ్ (డబ్ల్యు.పి.ఎల్.) 2023లో మొదలైనది. తెలంగాణ నుండి గొంగడి త్రిష ఉదాహరణ ఈ వ్యాస విషయానికి దగ్గరగా ఉన్నది. భద్రాచలానికి చెందిన ఈమె తండ్రి రామిరెడ్డి అక్కడి ఐ.టి.సి. కాగితపు పరిశ్రమ ప్రాంతంలో వ్యాయామ శిక్షకునిగా పనిచేసేవారు. కుమార్తె ఆట కొరకు కుటుంబం సికింద్రాబాదుకు తరలివచ్చింది. త్రిష 2023లో 19 ఏళ్ళలోపు ప్రపంచ కప్పు గెలిచిన జట్టులో ఉన్నది. 2024 డిసెంబరు 15న బెంగుళూరులో జరిగిన వేలంలో ఈమెను ఎవరూ తీసుకోలేదు. ఆరు వారాల తరువాత మలేషియాలో రెండవ ప్రపంచ కప్పులో 309 పరుగులు, 7 వికెట్లు సాధించి, స్కాట్లాండ్‌పై ఆ పోటీ చరిత్రలో మొదటి శతకం చేసి, ఉత్తమ క్రీడాకారిణిగా ఎంపికైనది. తరువాతి వేలం 2025 నవంబరు 27న జరిగింది. అందులో యు.పి. వారియర్జ్ ఈమెను 10 లక్షలకు తీసుకున్నది.